ముందు సీట్లో ఆయన

ఇంట్లో అందరి సీసాల్లోనూ నీళ్ళు పట్టేది ఆవిడే. ఆయన ఆఫీసు సీసా, కూతురి కాలేజీ సీసా, అత్తగారి మంచం పక్కన మూతేసి పెట్టే గ్లాసు. అన్నీ నింపి, తడి తుడిచి, ఎవరిది వాళ్ళ చేతికిచ్చి, తను మాత్రం గుక్కెడు కూడా గొంతులో పోసుకునేది కాదు. మరీ నాలుక పిడచగట్టుకుపోతే నోట్లో కాసిని తిప్పి ఊసేసేది. రోడ్డెక్కే రోజున ఆవిడకి తెల్లారినప్పటి నుంచీ నీళ్ళంటే అనుమానం. ఇప్పుడు తాగింది ఎక్కడ ఆపమంటుందో, ఆపిన చోట ఎవడుంటాడో!

ఆవిడ ఉద్యోగం అలాంటిది మరి. కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పని. పళ్ళ డాక్టర్లు జనం నోళ్ళకి అచ్చులు తీసి పెడతారు. ఈవిడ చిన్న కారేసుకుని ఊరూరా తిరిగి ఆ అచ్చులు పట్టుకొస్తుంది, తయారైన పళ్ళు తీసుకెళ్ళి ఇస్తుంది. అందరూ పళ్ళావిడ అనే పిలుస్తారు. కొత్తగా చేరిన వాచ్‌మన్ ఎవరైనా "ఇవాళ తియ్యటి పళ్ళు తెచ్చావా అమ్మా?" అనడిగితే, "చెయ్యి పెట్టి చూడు, అవే నీ రుచి చూస్తాయి" అనేసి చకచకా లోపలికి పోయేది. నోరున్న మనిషే. ఎటొచ్చీ ఇంటి గుమ్మం దాటి లోపలికొచ్చేసరికి ఆ నోటికి తాళం పడేది. అది ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో ఆవిడకీ గుర్తు లేదు.

కిందటి నెల జ్వరంతో మంచం పట్టింది. నడుము నొప్పి, ఒంటికి వెళితే మంట. డాక్టరు చూసి, "ఇది ఆపుకోవడం వల్ల వచ్చిందమ్మా. నీళ్ళు బాగా తాగాలి, వచ్చినప్పుడు వెళ్ళాలి. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాలా నీకు?" అని కసిరాడు. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం మందుల చీటీలో రాయలేదు. ఇంటికొచ్చాక ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకొక్కసారి ఈ జ్వరం వచ్చిందంటే కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టు. నువ్వు తిరక్కపోతే ఊళ్ళో వాళ్ళంతా బోసినోళ్ళతో ఏం ఉండిపోరులే" అన్నాడు. అత్తగారు అందుకుంది, "ఆ పనికి చోటు దొరకని దారిలో అసలు ఆడదానికేం పనే?" అని. చోటెందుకు లేదని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. పళ్ళావిడ మందులు మింగింది, ఆ మాటలూ మింగింది. తాళాలు పోతే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. ఊరు దాటాక అద్దం దించుకుని, ఎవరికీ ఏమీ అందించక్కర్లేకుండా, రోడ్డు వంక చూస్తూ కూర్చునే ఆ కాస్త సేపూ పోతుంది. ఆ సంగతి ఎవరికైనా చెబితే నవ్వుతారు.

ముందు సీట్లో ఆయన పుట్టింది ఆ జ్వరం తర్వాతే. అది ఇంటాయన బుర్రలోంచి వచ్చిన ఉపాయం. తన పాత గళ్ళ చొక్కా తెచ్చి కారులో డ్రైవరు పక్క సీటుకి తొడిగాడు, లోపల దిండు కుక్కాడు, పైన తల ఆనించుకునే చోట తన టోపీ తగిలించాడు. దూరం జరిగి చూసుకుని మురిసిపోయాడు. "ఇదిగో, ఇంక నేను పక్కనున్నట్టే. ఎక్కడైనా దిగాల్సొస్తే, 'ఏవండీ, మీరు పడుకోండి, నేనిప్పుడే వచ్చేస్తా' అని గట్టిగా అను. చుట్టుపక్కల వాళ్ళకి వినపడాలి" అని నేర్పాడు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఈ సంగతి చెప్పి, "నా చొక్కా చాలు" అని నవ్వేవాడు. అత్తగారైతే, "వాడి చొక్కా చూస్తేనే దడుచుకు చస్తారు వెధవలు" అని పొంగిపోయేది.

నిజం చెప్పాలంటే పళ్ళావిడకి ఆ ముందు సీటాయన అలవాటైపోయాడు. ఆయన బ్రేకు వెయ్యమనడు, అటు తిప్పు ఇటు తిప్పు అనడు. ఆవిడ కూనిరాగం తీస్తే మొహం చిట్లించడు. మలుపుల్లో దిండు జారి ఆవిడ భుజమ్మీద పడితే, "సర్దుకుని కూర్చోండి, పట్టపగలు ఏమిటది" అనేది. ఇంట్లో ఇన్నేళ్ళలో ఆయనతో అలా సరసమాడిన గుర్తు లేదు.

ఆ రోజు తప్పు టీ దగ్గర జరిగింది. పళ్ళ డాక్టరు భార్య కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "పోయినసారి కూడా వద్దన్నారు. మా ఇంటి టీ అంటే మీకు అనుమానమా?" అని మూతి ముడుచుకుంది. టీ మీద కాదు తల్లీ నా అనుమానం, అనలేక తాగేసింది. ఎప్పుడూ ఆగే పెట్రోలు బంకుంది కదా, అక్కడ కౌంటర్లో ఆడమనిషి ఉంటుంది కదా అని ధైర్యం. తీరా చూస్తే బంకు చుట్టూ రేకులు కట్టి, మరమ్మతులు జరుగుతున్నాయని బోర్డు పెట్టారు. అప్పటికే పొత్తికడుపు బిగుసుకుపోతోంది. ఇల్లు చాలా దూరం. ఆపుకుంటే జ్వరం, జ్వరమొస్తే తాళాలు. మధ్యలో మిగిలింది ఒక్కటే, రోడ్డు దిగి చెట్ల వెనక, బళ్ళు ఆపుకునే రెస్ట్ ఏరియా. ఇన్నాళ్ళూ దాన్ని చూసినప్పుడల్లా ఆవిడ కాలు యాక్సిలరేటర్ని ఇంకాస్త నొక్కేది.

మబ్బు పట్టిన మధ్యాహ్నం. సిమెంటు బల్లలు, విరిగిన చెత్తబుట్ట, చివర్న పసుపు రంగు వెలిసిపోయిన టాయిలెట్ల గది. అది కట్టినవాడు మగాడే అయ్యుంటాడు. తలుపులు రోడ్డు వైపు కాకుండా వెనక పొదల వైపు పెట్టాడు. మనుషులెవరూ లేరు అనుకునేలోపే కనపడింది, చెట్టు కింద బూడిద రంగు వ్యాను. నల్లటి అద్దాలు. ముందు అద్దంలోంచి మాత్రం ఒక ఆకారం తెలుస్తోంది. కోటు వేసుకుని, టోపీ కళ్ళ మీదకి దించుకుని ఒకడు కూర్చునున్నాడు.

పళ్ళావిడ కారుని వెంటనే పారిపోవడానికి వీలుగా మూతి రోడ్డు వైపు తిప్పి ఆపింది. తలుపులు లాకు వేసింది. ఇంజను ఆపలేదు. వ్యాను వంక చూడనట్టు చూసింది. వాడు కదల్లేదు. నిద్రపోతున్నాడా? నిద్రపోయేవాడి తల కాస్త పక్కకి వాలదూ? వీడిది నిటారుగా నిలబెట్టినట్టుంది. మెలకువగా ఉన్నవాడైతే ఫోను చూసుకుంటాడు, సిగరెట్టు కాలుస్తాడు, కనీసం ముక్కు గోక్కుంటాడు. ఏమీ చెయ్యకుండా కూర్చున్నవాడు దేని కోసం కూర్చున్నట్టు? ఒక్కడేనా, వెనక ఇంకెవరైనా ఉన్నారా? వ్యాను ఒక పక్కకి కాస్త ఊగిందా, లేక తన కళ్ళే ఊగుతున్నాయా? ఊగింది. లోపల ఎవరో మెసులుతున్నారు. ముందువాడు మాత్రం రాయిలా ఉన్నాడు. అంటే కనీసం ఇద్దరు. ఆవిడ ముందు సీటాయన టోపీని కాస్త వాళ్ళకి కనపడేలా సర్దింది.

ఫోను మోగింది. ఇంటాయన. ఆవిడ కారు ఎక్కడుందో ఆయన ఫోన్లో చుక్కలా కనపడుతుంది. జాగ్రత్త కోసమేనట.

"ఏంటి, ఆగావ్?"

"ఒంటికి వెళ్ళాలి."

"బంకులో వెళ్ళొచ్చుగా?"

"మూసేశారు. ఇక్కడ ఎవరో ఉన్నారండీ, వ్యానులో. నాకు అనుమానంగా ఉంది."

"ఎవరు? ఎవరక్కడ?" గొంతు మారింది. ఆ మారడం భయంతో కాదని ఆవిడకి తెలుసు. "నువ్వు ఆగిన చోట వ్యానెందుకుంది?"

పళ్ళావిడకి ఒక్క క్షణం నవ్వొచ్చింది. నా అనుమానం వ్యాను మీద, ఈయన అనుమానం నా మీద. ఇటు నుంచి ఆ అద్దాలు, అటు నుంచి ఈ చుక్క. మధ్యలో పగిలిపోయేలా ఉన్న పొత్తికడుపు ఒక్కటే అబద్ధం ఆడటం లేదు. "పెట్టేస్తున్నానండీ" అని ఫోను పెట్టేసింది. అలా పెట్టెయ్యడం అదే మొదలు.

ఇంక ఆగే వీల్లేదు. ఇంజను ఆపి, తాళాల గుత్తి పిడికిట్లో బిగించుకుని, వేళ్ళ మధ్యనుంచి తాళంచెవి కొస బయటికి పెట్టుకుని దిగింది. తలుపు పట్టుకుని లోపలికి వంగి, ఆయన నేర్పినట్టే, ఎలుగెత్తి అంది. "ఏవండీ! మీరు పడుకోండి, నేనిప్పుడే వచ్చేస్తా!"

గోడ వారగా నడుస్తూ, వీపు వ్యాను వైపు పడకుండా పక్కకి పక్కకి అడుగులేసుకుంటూ, టాయిలెట్ల గది మలుపు తిరిగింది. తిరిగిందో లేదో, వెనకాల వ్యాను తలుపు బర్రున జరిగిన చప్పుడు. ఆ వెనకే ఒక మాట.

"ఏవండీ! మీరు లేవకండి, నేనిప్పుడే వచ్చేస్తా!"

ఆడగొంతు. పళ్ళావిడ ఉన్నచోటే నిలబడిపోయింది. మాట విని కాదు, ఆ పలికిన తీరు విని. ఏ పెళ్ళాం నిజం మొగుడితో అంత తియ్యగా, అంత గట్టిగా, ఊరంతా వినపడేలా మాట్లాడుతుంది? అలా మాట్లాడేది పక్కన ఎవరూ లేనప్పుడే. ఆ సంగతి ఈవిడకి కాక ఇంకెవరికి తెలుస్తుంది!

మలుపు తిరిగి ఒకమ్మాయి వచ్చింది. కూతురికంటే కాస్త పెద్దదేమో. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో ఏదో ఇనప పనిముట్టు. పళ్ళావిడని చూసి పనిముట్టు పైకెత్తింది. పళ్ళావిడ తాళంచెవి పైకెత్తింది. ఇద్దరూ అలా నిలబడ్డారు.

"మీ ఆయన కారులోంచి దిగుతాడా?" అంది ఆ అమ్మాయి.

"దిగడు. మరి మీ ఆయన?"

"దిగడు."

"ఎందుకు దిగడు?"

ఆ అమ్మాయి పనిముట్టు కాస్త కిందికి దించి, "ఆయనకి కాళ్ళు లేవు" అంది.

"మా ఆయనకి తల లేదు" అంది పళ్ళావిడ.

ముందెవరు నవ్వారో తెలీదు. "నవ్వించకండి అక్కా, ఆగదు" అని ఆ పిల్ల కాళ్ళు మెలేసుకుంది. ఆమె పశువుల డాక్టరట. ఊళ్ళు తిరిగి గేదెల్నీ గొర్రెల్నీ చూస్తుంది. పార కర్రకి వాళ్ళ నాన్న కోటు తొడిగి, పైన టోపీ పెట్టింది. "నాకింకా పెళ్ళే కాలేదు, అయినా 'ఏవండీ' అని అరుస్తున్నా చూడండి. ఖర్మ కాకపోతే!"

నవ్వారే గానీ, నమ్మకం ఒక్కసారిగా వచ్చేస్తుందా? పళ్ళావిడ వెళ్ళి వ్యాను లోపలికి తొంగి చూసొచ్చింది. ఆ పిల్ల కారు దగ్గరికెళ్ళి గళ్ళ చొక్కాని పొడిచి చూసింది. ఆ తర్వాతే తలుపుల దగ్గరికెళ్ళారు. గడియ ఉండాల్సిన చోట బెజ్జం ఉంది. ఒకరు లోపలికెళితే ఒకరు బయట వీపు ఆనించి కాపలా. పళ్ళావిడ లోపలుండగా కారొకటి మెల్లగా వచ్చి, ఆగీ ఆగనట్టు ఆగి, పిల్ల గట్టిగా "ఏవండీ, లేవండి!" అనగానే ముందుకి కదిలిపోయింది. పాపం ఆ కారాయనా అదే పని మీద వచ్చాడేమో. ఆగి కనుక్కునేంత తీరుబడి ఆడదానికి ఎవరిచ్చారు?

పని అయ్యి చేతులు కడుక్కుంటుంటే ఆ పిల్ల అంది, "మీరు రాకముందే నేను దిగబోతున్నానక్కా. తలుపు మీద చెయ్యి వేశాను. ఇంతలో మీ కారొచ్చింది, పక్క సీట్లో టోపీ పెట్టుకుని ఆయన. నా వైపే చూస్తున్నాడనిపించింది. వెనక సీట్ల మధ్య నేల మీద పడుకున్నా. నా మందుల పెట్టెలోంచి ఇది తీసి పట్టుకుని." ఇనప పనిముట్టు చూపించింది. "ఇంక కాసేపైతే అక్కడే... సిగ్గు పోయేది. మీ ఆడగొంతు వినపడ్డాకే దిగా."

వ్యాను ఊగిందెందుకో పళ్ళావిడకి అప్పుడర్థమైంది. నవ్వు ఆరిపోయింది. ఆ పిల్ల జుట్టుకి వ్యాను నేల మీది గడ్డిపరక ఒకటి అంటుకుని ఉంది. పళ్ళావిడ దాన్ని తీసేసింది. ఇద్దరూ ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఏ రోజు ఎటు వెళ్ళేదీ చెప్పుకున్నారు. దారులు చాలా చోట్ల కలుస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఒకరి వెనక ఒకరు, ఒకరి మొగుణ్ణి చూసి ఒకరు పారిపోతూ తిరిగారన్నమాట.

సాయంత్రం ఇంట్లో విచారణ మొదలైంది. "అంతసేపా? ఎవరా వ్యానులో?" అన్నాడు ఆయన.

"పశువుల డాక్టరు."

"ఆడ డాక్టరేనా?"

"ఒంటికి వెళ్ళి అంతసేపు ఉంటారుటే ఎవరైనా?" అంది అత్తగారు మంచమ్మీంచి.

పళ్ళావిడ కారులోంచి గళ్ళ చొక్కా తెచ్చి ఉతికింది. ఫాను కింద ఆరబెట్టి, పడుకునే ముందు ఇస్త్రీ చేసింది. బొత్తాలన్నీ పెట్టి, ఆయన బీరువాలో మిగతా చొక్కాల పక్కన తగిలించింది. ఆయన చూశాడు.

"ఇదేంటి? ఇది కారులో కదా ఉండాలి?"

"ఇంక అక్కర్లేదండీ."

"మరి నీకు కాపలా?"

"ఇవాళ మిమ్మల్ని చూసి ఒకాడపిల్ల జడుసుకుని, వ్యానులో నేల మీద నక్కి పడుకుంది."

ఆయన విరగబడి నవ్వాడు. "నన్ను చూసా? నేనక్కడ లేనే! అది ఉత్త చొక్కా!"

"అవునండీ" అంది పళ్ళావిడ, బీరువా తలుపు మెల్లగా మూస్తూ. "ఉత్త చొక్కాకే."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ రోడ్డు. పొద్దున్నే అందరి సీసాలూ సింకు పక్కన వరసగా, ఖాళీగా నిలబడి ఉన్నాయి. పళ్ళావిడ ఫోన్లో ఆయనకి కనపడే చుక్కని ఆపేసింది. తను బయల్దేరుతున్నానని పశువుల డాక్టరుకి కబురు పెట్టింది. తర్వాత పెద్ద గ్లాసు తీసుకుని, కుళాయి తిప్పి, అంచు దాకా పట్టి, గుమ్మంలో ఆయన చూస్తుండగానే, ఆపకుండా తాగింది.