నర్సమ్మ వ్యాను బ్రేకులు

పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తగానే అక్క చేసే మొదటి పని స్టవ్వు మీద టీ పెట్టడం. రెండో పని ఎవరినో ఒకరిని తిట్టడం. ఎవరూ దొరక్కపోతే స్పానర్లను తిట్టేది. కార్ల రిపేరులో పాతికేళ్ల నుంచి ఉన్న మనిషి. తనకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లు.

ఏడు నెలలుగా మాత్రం ఆ తిట్లన్నీ ఒక్కడికే పోతున్నాయి. కొండ మీద ట్రావెల్స్ నడిపే యజమానికి.

అతని దగ్గర చిన్న కార్లు నాలుగున్నాయి. అయిదుగురు కూర్చునే కారులో వెనకాల ఇంకో సీటు బిగించి, పైన క్యారియర్ పెట్టి, ఏడుగురినీ వాళ్ల సామానునీ కొండ దింపేవాడు. బరువు పెరిగింది గాని బ్రేకులు పెరగలేదు. అతని దగ్గర డ్రైవరుగా ఉన్న అక్క తమ్ముడు మూడుసార్లు అడిగాడు. "సార్, ఇదే కంపెనీ పెద్ద వ్యాను బ్రేకులు మన బండికి సరిపోతాయి. మా అక్క బిగించి ఇస్తుంది" అన్నాడు. "నడపడం చేతకానివాడికే పెద్ద బ్రేకులు కావాలి" అన్నాడు యజమాని.

తర్వాత నెల తిరక్కుండానే, వాన లేదు, మంచు లేదు, పట్టపగలు, కొండ దిగుతుంటే బ్రేకులు కాలి పెడల్ నేలకు అంటుకుపోయింది. తమ్ముడు కారును రోడ్డు పక్క గోడకేసి రుద్ది ఆపాడు. లోయలో పడాల్సిన ఏడుగురు బతికారు. కానీ ఒకావిడకు మోకాలి కింద కాలు తీసేశారు. బండి బాగానే ఉందనీ, డ్రైవరు నిర్లక్ష్యమేననీ యజమాని రాసిచ్చాడు. లైసెన్సు పోయింది, కేసు పడింది.

అన్నిటికంటే అక్కకు ఒళ్లు మండేది ఎక్కడంటే, తమ్ముడు ఆ మాట నమ్మేశాడు. షెడ్డు మూల పాత టైరు మీద కూర్చుని నట్లూ బోల్టులూ వేరుచేస్తూ, "నేనే ఇంకా ముందు గేరు మార్చి ఉండాల్సిందేమో అక్కా" అనేవాడు.

"నోర్ముయ్‌రా! తప్పు చేసినవాడు తిని పడుకుంటున్నాడు, చెయ్యనివాడివి నువ్వు తల పట్టుకుంటున్నావు" అనేది అక్క. అంతలోనే వాడి చేతిలో టీ గ్లాసు పెట్టేది.

విచారణ చేసే అధికారి ఆఖరి వాయిదా ఇచ్చాడు. "డ్రైవరు తప్పు కాదంటే ఏదో ఒకటి చూపించండి" అన్నాడు. అక్క ఆలోచించింది. షెడ్డులో అలాంటి చిన్న కారే ఒకటుంది. దానికి పెద్ద వ్యాను బ్రేకులు బిగించి, ఏడుగురి బరువు ఇసుక బస్తాలు వేసి, అదే కొండ మీంచి దింపి తెచ్చి అధికారి గుమ్మం ముందు ఆపాలనుకుంది. అదే బండి, అదే బరువు, అదే దారి. తేడా అంతా బ్రేకుల్లోనే ఉందని కళ్లకు కట్టినట్టు చూపించాలి.

బ్రేకుల కోసం పాత బండ్ల యార్డుకు వెళ్లింది. పాత సామానుకు పాత అలవాట్లుంటాయి కదా. ఆవును అమ్మేవాడు తన్నే సంగతి ముందే చెప్పినట్టు, యార్డు ముసలాయన ప్రతి సామానుకీ దాని గుణం చెప్పి మరీ ఇచ్చేవాడు. పోయినసారి ఒకతనికి జడ్జిగారి కారు సీటు అమ్మాడు. అందులో కూర్చుని అబద్ధమాడితే నడుం పట్టేస్తుంది. ముందే చెప్పాడు కాబట్టి పేచీ రాలేదు.

"ఇవి నర్సమ్మ వ్యానువమ్మా" అన్నాడు ముసలాయన డిస్కుల మీద తుప్పు తుడుస్తూ. "ఆవిడ ముప్పై ఏళ్లు ఈ కొండ మీదే తిరిగింది. ఎండలో నడిచిపోయేవాళ్లు కనిపిస్తే ఎక్కించుకోకుండా ముందుకు పోయేది కాదు. ఈ బ్రేకులూ అంతే. కొండ దారిలో ఎవరైనా నడుస్తుంటే వాటంతటవే పడతాయి. ఆ మనిషి ఎక్కేదాకా వదలవు. తర్వాత వచ్చి నాతో పోట్లాడకు."

"ఆగమంటే ఆగుతాయా, ఆగవా?"

"ఆగడం తప్ప వాటికింకేం తెలుసమ్మా!"

రెండు రోజులు పట్టింది పని. డిస్కులు, వాటిని నొక్కిపట్టే క్యాలిపర్లు, బ్రాకెట్లు చక్కగా కూర్చున్నాయి. ఒకే కంపెనీ బండ్లు, అన్నదమ్ముల చొక్కాల్లాగా ఒకరివి ఒకరికి పట్టాయి. చిన్న చక్రం మాత్రం పెద్ద క్యాలిపర్‌కు తగిలి తిరగనంది. వ్యాను చక్రాలే వేయాల్సి వచ్చింది. పెడల్ బాగా లోపలికి పోతుంటే, బ్రేకులకు ఆయిలు తోసే మాస్టర్ సిలిండరు కూడా వ్యానుదే బిగించింది.

చివరికి బ్రేకు ఆయిలు గొట్టాల్లోంచి గాలి తీయాలి. ఒకరు కింద నట్టు వదులు చేస్తుంటే ఒకరు లోపల పెడల్ తొక్కాలి.

"రా, తొక్కు" అంది అక్క.

తమ్ముడు కదల్లేదు. ఏడు నెలలుగా వాడి కాలు బ్రేకు మీద పడలేదు.

"నావల్ల కాదక్కా."

"నాకు రెండు చేతులే ఉన్నాయి. మూడో మనిషిని ఎక్కణ్ణించి తెమ్మంటావు? తొక్కరా!"

తొక్కాడు. అక్క కారు కింద పడుకుని, ఆయిలు మొహం మీద చిందుతుంటే, యజమాని ఏడు తరాలనూ తిట్టింది. పదోసారికి పెడల్ రాయిలా గట్టిపడింది.

విచారణ రోజు మధ్యాహ్నం బస్తాలు వేసుకుని కొండ మీంచి బయల్దేరారు. అక్క నడుపుతోంది. తమ్ముడు పక్కన కూర్చుని డ్యాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకున్నాడు. సగం దూరం హాయిగా దిగారు. అయిదో మలుపు తిరగ్గానే అక్క కాలు పెట్టకముందే పెడల్ దానంతటదే కిందికి దిగింది. కారు కుదుపు లేకుండా ఆగిపోయింది.

రోడ్డు పక్కన గొడుగు వేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ నడుస్తున్నాడు ట్రావెల్స్ యజమాని. అతనూ విచారణకే పోతున్నాడు.

"ఛీ, వీడికా ఆగేది!" అని అక్క యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజను అరిచింది గాని చక్రం కదల్లేదు. రెండోసారి, మూడోసారి తొక్కింది. నర్సమ్మ బ్రేకులు వదల్లేదు.

అక్క తలుపు తోసుకుని దిగింది. "ఎక్కండి. మీరెక్కితే గాని మేము కదలం."

"అక్కర్లేదు. నాకు నడక అలవాటే" అన్నాడతను మొహం తిప్పుకుని.

అంతలో వెనకనుంచి అతని కారే ఒకటి, కాలిన వాసన కొడుతూ వచ్చి ఆగింది. లోపల ఏడుగురున్నారు. దాని డ్రైవరు, తమ్ముడితో నాలుగేళ్లు కలిసి పనిచేసినవాడు, తల బయటపెట్టి నవ్వాడు. "ఏం సార్, ఎండగా ఉంది, ఇవాళ కూడా నడకేనా?"

"ఇవాళ కూడా అంటే?" అంది అక్క.

"కొండ ఎక్కేటప్పుడు మా బండ్లలోనే వస్తారక్కా. దిగేటప్పుడు మాత్రం డాక్టరు నడవమన్నాడంటారు."

"ఏ డాక్టరయ్యా? ఎక్కేటప్పుడు కూర్చోమని దిగేటప్పుడు నడవమన్న ఆ మహానుభావుడు ఎక్కడుంటాడు? మాకూ చూపించు!"

డ్రైవరు నవ్వు ఆగిపోయింది. తన కాలికింద ఉన్న పెడల్ వంక చూసుకున్నాడు.

తమ్ముడు మెల్లగా కారు దిగాడు. "ఎప్పట్నించి?" అన్నాడు.

యజమాని గొడుగు వంచి మొహం దాచుకున్నాడు. డ్రైవరే చెప్పాడు. "నువ్వు మూడోసారి బ్రేకులు అడిగావు చూడు, ఆ వారం నించి. నీ యాక్సిడెంటుకు ముందే."

వెనక కారు తలుపు తెరుచుకుంది. ముందు ఒక పెద్దాయన దిగాడు. తర్వాత చంటిబిడ్డతో ఒకావిడ, తర్వాత మిగతావాళ్లు. క్యారియర్ మీంచి ఎవరి సంచి వాళ్లు దించుకుని, యజమానిని చూస్తూ, వరసగా రోడ్డు పక్కన నిలబడ్డారు. డ్రైవరు చక్రాల కింద రాళ్లు పెట్టి, తాళం తెచ్చి యజమాని ఫైలు మీద పెట్టాడు.

తమ్ముడి మొహం ఎర్రబడింది. ఏడు నెలల్లో వాడికి కోపం రావడం అదే మొదలు. "అక్కా, నువ్విటు జరుగు. లైసెన్సు సంగతి తర్వాత, ఇవాళ నేనే నడుపుతా" అన్నాడు. వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కండి."

ఏడుగురూ చూస్తుండగా యజమాని ఎక్కి, ఇసుక బస్తాల మధ్య ఒదిగి కూర్చున్నాడు. బ్రేకులు వదిలాయి. మిగిలిన మలుపులన్నీ తమ్ముడు దించాడు. పాల గిన్నె చేత్తో పట్టుకుని నడిచినట్టు దించాడు. వెనకనుంచి యజమాని ఒకసారి "మెల్లగా..." అన్నాడు.

విచారణ గదిలో అక్క జరిగింది జరిగినట్టు చెప్పింది. అధికారి బయటికి వచ్చి, బ్రేకులు వేడెక్కాయేమోనని చక్రాలు చేత్తో తడిమి చూసి, లోపలికెళ్లి యజమానితో మామూలుగా అన్నాడు. "పదండి, మనిద్దరం మీ కారులో ఒకసారి కొండ దిగి వద్దాం. మీ బండ్లు బాగున్నాయని మీరే రాశారుగా."

యజమాని కుర్చీలోంచి లేవలేదు. అధికారి నిలబడే ఉన్నాడు. గోడ గడియారం అయిదు నిమిషాలు నడిచింది. ఆ తర్వాత అధికారి కూర్చుని, 'డ్రైవరు నిర్లక్ష్యం' అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పైన యజమాని పేరు రాశాడు. నాలుగు కార్లూ ఆ సాయంత్రమే సీలు పడ్డాయి.

మెట్లు దిగుతూ తమ్ముడు అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "అయిపోయిందక్కా" అన్నాడు.

"ఏం అయిపోయింది?" అంది అక్క. "కాలు పోయినావిడ ఇల్లు ఎక్కడో కనుక్కో. రేపు పొద్దున్నే వెళ్దాం. ఆవిడకు రావాల్సింది ఆ మనిషి చేత ఇప్పించేదాకా నన్ను చల్లబడమని మాత్రం అనకు."