చెరిగిపోయిన సుద్ద గీతలు

పొద్దున్నే నాన్న పక్క దుప్పటి మార్చాలి. ఒళ్ళు తుడవాలి. కడుపులో ఏదైనా పడ్డాకే మెదడు వాపు మాత్ర వెయ్యాలి, ఆ తర్వాత ఫిట్స్ మాత్ర. మొద్దుబారుతున్న కుడికాలు రుద్దాలి. కత్తెరలూ సూదులూ కంటపడకుండా దాచాలి. "నువ్వెవరు?" అని అడిగితే ఏడవకుండా జవాబు చెప్పాలి. ఇవన్నీ అమ్మ పనులు. నేను ఆఫీసుకు వెళ్ళాలి.

మా నాన్న టైలరు. వీధిలో అందరికీ మాస్టారు. మెదడులో ఉన్నది కాన్సర్ గడ్డ అనీ, ఆపరేషన్ చేసినా మళ్ళీ పెరుగుతోందనీ డాక్టరు చెప్పినప్పుడు, ఆ మాటలు అమ్మకు విడమర్చి చెప్పింది నేనే. ఇంట్లో డిగ్రీ చదివిందాన్ని నేనొక్కదాన్నే. కొట్టు మూసేసి, మిషనూ కటింగ్ బల్లా ముందుగదిలోకి తెచ్చి, మంచం వాటి పక్కనే వేశాం. మిషను కనబడకపోతే నాన్న అరుస్తాడు.

అమ్మ పెళ్ళయినప్పటి నుంచీ ఆయన పక్కనే కూర్చుని కాజాలూ బొత్తాలూ కుట్టింది. మాత్ర వేసిన ప్రతిసారీ బల్ల అంచు మీద సుద్దతో ఒక గీత గీసేది. చేతికి అలవాటైన లెక్క అది. రేకు చించే చప్పుడుకు నాన్న చెయ్యి విసురుతున్నాడని, మాత్రలన్నీ ముందే తీసి బొత్తాల డబ్బాలో పోసి పెట్టేది.

ఆ రోజు నాకు సెలవు. మధ్యాహ్నం దాటాక పెరట్లో దుప్పట్లు ఉతుకుతున్నాను.

"అమ్మాయ్, ఒకసారి రా."

అమ్మ గొంతు మరీ చిన్నగా ఉంది. అందుకే భయం వేసింది.

ముందుగదిలోకి వెళ్ళి చూస్తే బల్ల అంచు మీద ఒక్క గీత కూడా లేదు. మంచం మీద కూర్చున్న నాన్న అరచెయ్యి తెల్లగా ఉంది. "కుట్టు అయిపోయాక సుద్ద ఉంచుతారా? గిరాకీ చూస్తే పరువేం కాను?" అన్నాడు. బట్ట ఎవరి చేతికిచ్చినా ముందు సుద్ద దులపడం ఆయన జీవితమంతా చేసిన పని.

"మధ్యాహ్నం ఫిట్స్ మాత్ర వేశావా అమ్మా?"

"వేశాననే అనుకుంటున్నా."

"అనుకోవడమేంటమ్మా?"

"కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కునుకేశాను తల్లీ. దానికి ముందు వేశానో, వేద్దామనుకుంటూ కళ్ళు మూశానో..." దొంగతనం ఒప్పుకుంటున్నట్టు తల వంచుకుంది.

డబ్బాలో మాత్రలు లెక్కపెట్టినా లాభం లేదు. నిన్నటివెన్నో తెలిస్తే కదా. వెయ్యకపోతే ఫిట్స్ రావచ్చు. రెండోసారి వేస్తే మత్తులో ఊపిరి మందగిస్తుందేమో. నాన్నకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రి వార్డుకు ఫోన్ చేశాను.

"మళ్ళీ వెయ్యకండి," అంది సిస్టరు. "డాక్టర్ని అడిగి చెప్తాను. ఈలోగా ఆయన్ని వదలొద్దు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పండి, నోట్లో ఏమీ పెట్టకండి, అంబులెన్స్ పిలవండి."

ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని చెరోపక్కా కూర్చున్నాం. నాన్న మాత్రం మంచి హుషారులో ఉన్నాడు.

"ఏంటి, ఇద్దరూ నా మొహంలో సినిమా చూస్తున్నారా?"

"మీకంటే మంచి హీరో దొరకలేదు లెండి," అంది అమ్మ.

"ఈవిడెవరో గానీ మాటకారి. కాజాలు కూడా ఇంత చురుగ్గా కుడితే బాగుణ్ణు."

అమ్మ నవ్వింది. సిస్టరు దగ్గర్నుంచి ఫోన్ ఇంకా రాలేదు.

కాసేపటికి నాన్న వెనక్కి వాలాడు. కుడిచేతి వేళ్ళు కదలసాగాయి. అది మాకు కొత్త కాదు. నిద్రలో కూడా ఆయన వేళ్ళు సూది కిందికి బట్టను తోస్తూనే ఉంటాయి.

"కుడుతున్నారు," అంది అమ్మ, హమ్మయ్య అన్నట్టు.

నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఎంత పొడుగు కుట్టయినా బట్ట తిప్పేటప్పుడు చెయ్యి ఒక క్షణం ఆగాలి. ఈ చెయ్యి ఆగలేదు. అదే ఊపు, అదే ఊపు. మణికట్టు దాటి మోచేతిదాకా పాకింది. పెదవి ఒక పక్కకు లాగేసింది.

అమ్మే ఆయన్ని పక్కకు తిప్పింది. మెడ దగ్గర బొత్తాం విప్పి, "ఇక్కడే ఉన్నాను, ఇక్కడే ఉన్నాను," అంటూ వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ మాట వింటుంటే నాకు ఫోన్ సంగతి గుర్తొచ్చి అంబులెన్స్ పిలిచాను.

ఆసుపత్రిలో సూదిమందు పడ్డాక నాన్న వణుకు తగ్గి నిద్రలోకి జారాడు.

"మాత్ర తప్పిందా?" అని డాక్టరు అడిగారు.

"నేనే తప్పించాను," అంది అమ్మ.

"తప్పిందో లేదో మాకే తెలియదు డాక్టరుగారూ," అన్నాను. " వేసినా ఫిట్స్ రావచ్చా?"

"రావచ్చు. గడ్డ పెరుగుతోంది కదా."

ఆ మాట అమ్మ విన్నదో లేదో. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, "నేను లోపల చూసుకుంటా, నువ్వు కాస్త పడుకో," అన్నాను.

నా చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ నిద్రొస్తే ఎలాగే?"

నాన్నను ఇంటికి తీసుకొచ్చాం. సెలవు పొడిగించుకున్నాను, మాత్రలు నా చేతుల్లోకి తీసుకున్నాను. అయినా కన్ను మూతపడబోతే చాలు, అమ్మ ఉలిక్కిపడి లేచి నాన్న చేతి వైపు చూస్తుంది.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నాన్న మంచం దగ్గర నిలబడి, "మాస్టారికి ఎలా ఉంది?" అని అడిగి వెళ్తున్నారు. అడగాల్సిందే, తప్పు లేదు. మీరూ ఎప్పుడైనా ఇలాంటి ఇంటికి వెళ్తే, గుమ్మం పక్కన తల కూడా దువ్వుకోకుండా ఒక మనిషి నిలబడి ఉంటుంది, రెప్ప వాల్చడానికి భయపడుతూ. అప్పుడు మా అమ్మను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వీలైతే ఆమె చోట కాసేపు మీరు కూర్చోండి.