కుజగ్రహం మీద మిగిలినవాళ్ళు

మా త్రివిక్రమరావుకు తెలివి లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. తెలివి ఉంది. దాన్ని ఎప్పుడు వాడాలో వాడికి తెలియదు, అంతే. లేకపోతే అరవై రెండు ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమని దేశమంతా వణికిపోతుంటే, ఎనిమిది గ్రహాలూ మకరరాశిలో చేరే ఆ ఆదివారమే చూసి ప్రొద్దుటూరులో గ్రహాంతర కథల పాఠకుల మహాసభ పెడతాడా?

వాడు జమ్మలమడుగులో డ్రాయింగు మాస్టరు. నేను ప్రొద్దుటూరులో గుమాస్తాను. మద్రాసు వారపత్రిక ఒకదానిలో వాడు చాలాకాలంగా సీరియల్ రాస్తున్నాడు. గండికోట లోయలోంచి ఒక రాకెట్టు లేస్తుంది. అందులో ఒక డాక్టరు, ఒక పెద్దముడియం రైతు, సుశీల అనే పంతులమ్మ ఉంటారు. కుజగ్రహం మీద దిగుతారు. దిగిన తర్వాత రాకెట్టు చెడిపోతుంది. రైతు అక్కడ జొన్న చల్లుతాడు, మొలవదు. డాక్టరుకే జబ్బు చేస్తుంది. సుశీల రోజూ సాయంత్రం ఆకాశంలో భూమి ఎక్కడుందా అని వెతుకుతుంది. ఎగతాళి చేద్దామని చదవడం మొదలుపెట్టిన నేను, ఆ పిల్ల ఇల్లు ఎప్పుడు చేరుతుందా అని వారం వారం బస్టాండు బంకు దగ్గర పత్రిక కోసం పడిగాపులు పడే స్థితికి వచ్చాను.

ఇంతలో ఎడిటరు కబురు పెట్టాడు. ఆ పేజీ ఎవరూ చదవడం లేదు, ఆపేస్తాం అని. త్రివిక్రమరావు కాళ్ళావేళ్ళా పడ్డాడు. "మీ వైపు పాఠకులున్నారంటున్నారు కదా, ఒకచోట చేర్చి చూపించండి. నేనే వచ్చి చూస్తాను" అన్నాడాయన. సభ నిండితే సీరియల్ పూర్తవుతుంది. లేదంటే ఆ ముగ్గురూ అక్కడే ఉండిపోతారు.

"ఆ దినం వద్దప్పా" అని మొత్తుకున్నాను. "లోకం మునుగుతాదని మా ఇంట్లో అప్పుడే మూటలు కడతాండారు. ఇంట్లోంచి ఎవరొస్తారు?"

"అందుకే ఆ దినం పెడతాండా. గ్రహాలంటే దడుసుకునేటోళ్ళకు గ్రహాలంటే ఏందో చెప్పాల గదా! ఇంతకంటే మంచి దినం యాడ దొరుకుతాది?"

వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇక నేను చేసేదేముంది, పక్కన కూర్చుని కార్యక్రమం రాశాను.

ఆ కార్యక్రమం గురించి చెప్పాలి. పొద్దున వెదురుతో కట్టిన రాకెట్టును ఎద్దులబండి మీద ఊరేగించాలి. దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలా వద్దా అని మా పాఠకుల సంఘంలో పెద్ద గొడవ. "సైకిలు కొంటేనే పెడతాం, రాకెట్టుకు పెట్టకుంటే ఎట్లప్పా?" అని అందరూ ఒకటే పోరు. త్రివిక్రమరావు తల పట్టుకుని సరేనన్నాడు. ఆ తర్వాత చంద్రుడి మీద మనుషులుంటారా అని వాదోపవాదం. పిల్లలకు గ్రహవాసుల వేషాల పోటీ. చివరగా అసలైనది, 'ఇంటికి తెచ్చే పోటీ'. కుజగ్రహం మీద చిక్కుకున్న ముగ్గురినీ భూమికి ఎట్లా తేవాలో పాఠకులే చెప్పాలి. నెగ్గిన ఉపాయంతో సీరియల్ ముగుస్తుంది. అది రాయిస్తున్నప్పుడు వాడి ముఖం చూడాల్సింది. ఎడిటరుకు కనబడాలని వాడు ఆ పోటీ పెట్టలేదు. వాళ్ళను వెనక్కి తెచ్చే దారి వాడికే తోచలేదు.

సభకు పత్తి షావుకారు సత్రం అడిగాం, ఇస్తానన్నాడు. వారం ముందు మాట మార్చాడు. గ్రహశాంతి హోమం చేయిస్తాడట, మీరు వెనక పత్తి గోడౌనులో చేసుకోండి అన్నాడు. ఇంతకీ హోమం చేయించే పురోహితుడు ఎవరనుకున్నారు? త్రివిక్రమరావు తండ్రి పద్మనాభయ్యగారే.

"నాయనా, ఆ దినం సత్రం మాకిచ్చినారు" అన్నాడు వీడు.

"నేనడిగినానేమిరా? షావుకారు పిలిచినాడు, పోతాండా. లోకమంతా భయపడతాంటే వాళ్ళకు మంత్రం చెప్పేటోడు ఒకడుండొద్దా?" అన్నాడాయన. ఆయనది తప్పని నేను ఇప్పటికీ అనలేను. అనగలిగితే నాకు కాస్త మనశ్శాంతిగా ఉండేది.

ఆదివారం వచ్చింది. హోమం పందిరికి వెదుళ్ళు చాలక మా రాకెట్టును విప్పుకుపోయారు. విప్పింది మా సంఘం వాళ్ళే. "తప్పుగా అనుకోవద్దప్పా, పిల్లలు గలోళ్ళం" అన్నారు. వేషాలకు రావలసిన పిల్లలు తల్లుల పక్కన నవధాన్యాలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకడికి తలమీద వెండికాగితం కొమ్ములు ఇంకా ఉన్నాయి. తల్లి వాటిని పీకుతుంటే వాడు ఏడుస్తున్నాడు.

ఎర్రగుంట్లలో రైలు దిగి బస్సులో వచ్చిన ఎడిటరు, సత్రం ముందు జనాన్ని చూసి నోరు తెరిచాడు. "ఇంతమంది పాఠకులా మాస్టారూ! నేను నమ్మలేదు సుమండీ!"

నేను త్రివిక్రమరావు వీపు మీద గట్టిగా పొడిచాను. అవునను, ఒక్క మాట, అవునంటే చాలు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది కూడా.

"వీళ్ళు కాదండీ. మా వాళ్ళు వెనక గోడౌనులో ఉన్నారు" అన్నాడు వాడు. హరిశ్చంద్రుడి మేనల్లుడు!

గోడౌనులో మా వాళ్ళంటే ఒక్క ఖమర్‌బీ. పులివెందులలో ఉర్దూ బడి టీచరు. తమ్ముణ్ణి తోడు తెచ్చుకుంది. ఆ కుర్రాడు ఎప్పుడో హోమం చూడ్డానికి బయటికి పోయాడు. పత్తి దుమ్ముకు దగ్గుతూ, వరసగా పరిచిన ఖాళీ చాపల ముందు ఆమె ఒక్కతే కూర్చుంది.

"అందరూ వద్దన్నారు సార్. బస్సులో ఎవ్వరూ లేరు" అంది.

త్రివిక్రమరావు ఎడిటరును కుర్చీలో కూర్చోబెట్టి, కార్యక్రమం ప్రకారమే నడిపాడు. స్వాగతం చెప్పాడు. వాదోపవాదానికి మనుషులు లేరు కనుక దాన్ని వదిలేశాడు. నేరుగా పోటీకి వచ్చాడు. "మీరేం ఉపాయం తెచ్చినారమ్మా?"

ఆమె లేచి నిలబడింది. "రాకెట్టు బాగుచేసేది నాకు తెలీదు సార్. ఈడినుంచి ఇంకొకటి పంపీండి. అంతే. వాళ్ళు ఆడ ఉండారని అందరికీ తెలుసు గదా. ఒక్కరన్నా పోలేదేంది సార్?"

బయట మంగళవాద్యాలు మోగుతున్నాయి. త్రివిక్రమరావు చేతిలోని కార్యక్రమం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "పంపుతానమ్మా. తప్పకుండా పంపుతా" అన్నాడు. వాడి గొంతు విని నాకు ఏడుపొచ్చింది. ఎడిటరు వైపు చూశాను. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

ఆయన సత్రంలో ముందు వరసలో కూర్చుని ఉన్నాడు, నుదుట హోమం బూడిదతో. సాయంత్రం బస్సెక్కేముందు త్రివిక్రమరావు భుజం మీద చెయ్యి వేశాడు. "మీ నాన్నగారి వాక్కు ఎంత బాగుందండీ! జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆ పేజీలో ఇక వారఫలాలు వేద్దాం. వారినే రాయమన్నాను, ఒప్పుకున్నారు. మీరేమీ అనుకోకండి."

ఖమర్‌బీ పులివెందుల బస్సు కోసం అక్కడే నిలబడి ఉంది. ఆ మాటలు ఆమె వినలేదు. "సీరియల్లో చదువుతా సార్" అని చెప్పి సంతోషంగా బస్సెక్కింది.

లోకం మునగలేదు. హోమం వల్లనే మునగలేదని షావుకారు పద్మనాభయ్యగారికి శాలువా కప్పాడు. ఎనిమిది గ్రహాలూ ఎవరి దారిన అవి పోయాయి.

తర్వాత ఒకనాడు జమ్మలమడుగు పోతే, త్రివిక్రమరావు వసారాలో కూర్చుని తండ్రి చెబుతున్న వారఫలాలు రాస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నీకు సిగ్గు లేదేమప్పా? నీ పేజీ గదా అది!"

"నాయనకు కండ్లు కనపడవు రామచంద్రా" అన్నాడు తల ఎత్తకుండానే. "నేను రాయకుంటే ఇంకెవరు రాస్తారు?"

ఆ పత్రిక మళ్ళీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. అయినా అలవాటున బస్టాండు బంకు దగ్గర ఒకనాడు తిరగేశాను. మేషరాశి, నాది. ధనలాభం, బంధుదర్శనం, మామూలే. చివర రెండు వాక్యాలున్నాయి. 'కుజుడు బలహీనుడు. దూరప్రయాణం పోయినవారి కోసం ఇక్కడినుంచి ఇంకెవరూ బయలుదేరరు, వారు ఎదురుచూడవద్దు.'

పద్మనాభయ్యగారు అలా చెప్పి ఉండరు. ఏ పంచాంగంలోనూ అలాంటి ఫలం ఉండదు. సీరియల్ అక్కడ పూర్తయింది.

పత్రిక పట్టుకుని బంకు దగ్గరే నిలబడిపోయాను. పులివెందులలో ఖమర్‌బీ ఆ వారం కూడా పత్రిక కొనే ఉంటుంది. సుశీల కోసం పేజీలన్నీ తిప్పే ఉంటుంది. ఆమె వారఫలాలు చదువుతుందో లేదో నాకు తెలియదు.