వేడెక్కాక వింటాను

మా ఇంట్లో పాటైనా, రేడియో అయినా వినాలంటే ముందు అనుమతి కావాలి. ఇచ్చేది మా ఆయన కాదు, ఆయన ఆంప్లిఫయర్. హాల్లో సగం బల్ల ఆక్రమించుకుని, నెత్తిన గాజు వాల్వులు పెట్టుకుని మహారాణిలా కూర్చుంటుందది. స్విచ్ వేశాక గంటసేపు దాని జోలికి వెళ్ళకూడదట. వాల్వులు ఎర్రబడి, ఒళ్ళంతా వేడి పాకితేగానీ అసలు శబ్దం బయటికి రాదట. అంతదాకా వాల్యూమ్ సున్నా మీదే ఉండాలి. మధ్యలో ఎవరైనా కట్టేస్తే పూర్తిగా చల్లారనిచ్చి, మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టాలి. వచ్చిన చుట్టాలు కాఫీ తాగి, పాట వినకుండానే వెళ్ళిపోయిన సందర్భాలు కోకొల్లలు. నాకు ఒళ్ళు మండేది. అయినా పోనీలే అనుకునేదాన్ని.

ఆ ఆదివారం మాత్రం అలా అనుకోలేకపోయాను.

నేను బస్‌స్టేషన్‌లో అనౌన్సర్ని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్తాను. ఊరంతా నా గొంతు వింటుంది, స్కూటర్ మీద తిరిగే మా ఆయన తప్ప. ఆ గొంతు విని రేడియోవాళ్ళు ఒక నాటికలో పాత్ర ఇచ్చారు. ఆలస్యంగా వచ్చిన మొగుడితో, తలుపు తియ్యకుండా లోపలినుంచే పోట్లాడే ఇల్లాలు. ఉన్నది ఒక్క సీనే. రికార్డింగు రోజున పెద్దగా నటించాల్సిన పని పడలేదు.

ప్రసారం ఆదివారం సాయంత్రం. ఆయన వినాలి, విని ఒక్క మంచి మాట అనాలి. నాకు కావలసింది అంతే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా గొంతు గురించి ఆయన అన్నది "కాస్త మెల్లిగా" అని మాత్రమే.

"వంటింటి రేడియోలో వినేద్దామండీ" అన్నాను.

"ఆ డబ్బాలోనా? నీ గొంతుకి అన్యాయం చేసినట్టు కాదూ!" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి కరిగిపోయాను.

వేళకి సిద్ధంగా ఉండాలని ముందుగానే స్విచ్ వేసి, ఆయన క్షవరానికి వెళ్ళారు. పెద్ద కొడుకు దగ్గర్నుంచి మొన్ననే వచ్చిన మా అత్తయ్య హాల్లోకి తొంగిచూశారు. చప్పుడు లేదు, వినేవాళ్ళు లేరు, ఊరికే వెలుగుతోంది. కరెంటు దండగని కట్టేశారు.

ఆయన తిరిగొచ్చి నెత్తి బాదుకున్నారు.

"ఎవరు కట్టారిది?"

"నేనేరా. ఉత్తినే వెలుగుతుంటేనూ..."

"ఉత్తినే వెలగడం కాదమ్మా, సిద్ధమవడం!"

"పెళ్ళికూతురు కూడా ఇంతసేపు సిద్ధమవదురా!"

పూర్తిగా చల్లారనిచ్చి, ఆయన మళ్ళీ స్విచ్ వేశారు. నాటిక వేళ దగ్గరపడింది.

"ఈ ఒక్కరోజుకీ డబ్బాలో విందాం రండి" అని బతిమాలాను.

"ఉండవోయ్. నాటికలో నువ్వొచ్చేసరికి ఇది వేడెక్కి అందుకుంటుంది" అంటూ దాని ముందే కూర్చున్నారు.

ఇక చెప్పి లాభం లేదని వంటింట్లోకి వచ్చేశాను. అక్కడి రేడియోకి మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు చుట్టి వాడుకుంటున్నాను. పాపం, దానికి వేడీ గీడీ అక్కర్లేదు, నొక్కగానే పలుకుతుంది. నాటిక మొదలైంది. కాసేపటికి నా వంతు వచ్చింది.

"ఇప్పుడా రావడం? అక్కడే ఉండండి. నేను చెప్పేది మొత్తం విన్నాకే తలుపు తీస్తాను!"

అక్కడే కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. రేడియోని చూసి, నన్ను చూసి, మళ్ళీ రేడియోని చూశారు.

సరిగ్గా అప్పుడే హాల్లోంచి కేక.

"ఆ రేడియో కాస్త మెల్లిగా! ఇక్కడ అందుకునే వేళకి ఆ గోలేమిటి!"

నాకు ఏడుపొక్కటే తక్కువ. అయినా అలవాటుకొద్దీ తగ్గించబోయాను. కొడుకు మాట ఏనాడూ కాదనని అత్తయ్య, నా చెయ్యి తోసేసి, వాల్యూమ్ చివరిదాకా తిప్పారు. హాలు తలుపు ధడాలున మూసుకుంది. ఆ డబ్బా గరగరలోనే నా సీనంతా నడిచిపోయింది.

"ఎంత బాగా తిట్టావే తల్లీ!" అన్నారు అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ.

నాటిక అయిపోయి మార్కెట్ ధరలు మొదలయ్యాక హాలు తలుపు తెరుచుకుంది.

"రా, రా! అందుకుంది!"

వెళ్ళాను. నిజమే, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఉల్లిపాయల ధర చదివేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది, ఎదురుగా కూర్చుని చదువుతున్నట్టే ఉంది. మా ఆయన ముఖం వెలిగిపోతోంది. నాకోసం పక్క కుర్చీ దగ్గరికి లాగి, తను సర్దుకుని కూర్చున్నారు.

"చూశావా ఎంత స్పష్టంగా ఉందో! ఇంతకీ నువ్వెప్పుడొస్తావు?"

"వచ్చి వెళ్ళిపోయానండీ" అన్నాను.