ఆరు బూడిదరంగు కుక్కలు

ముఖం చూడగానే ఎవరికి ఏ ఆట నప్పుతుందో నేను చెప్పేయగలను. ఇది గొప్ప కాదు, వృత్తి. పద్నాలుగేళ్ళుగా కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు ఎంచి పెడుతున్నాను. గుండ్రటి ముఖానికి పలకల ఫ్రేము, కోలముఖానికి గుండ్రటిది. ఆటలూ అంతే. ప్రతిదానికీ అనుమానపడే మనిషికి దొంగని పట్టుకునే ఆట. ఇంట్లో ఎవరూ మాట వినని మనిషికి రాజ్యాలేలే ఆట. అద్దాల కోసం వచ్చినవాళ్ళు చీటీ మీద ఆట పేరు కూడా రాయించుకుని వెళ్తారు. కొందరికి అడక్కపోయినా రాసిస్తాను. లోపలి గదిలోంచి కంటి డాక్టరుగారు "ముందు ఆయన దగ్గరి చూపు సంగతి తేల్చవయ్యా!" అని కేకలేస్తూనే ఉంటారు.

నేను చెప్పేవి పాచిక ఎటు పడితే అటు పరుగెత్తే ఆటలు కావు. పెట్టె విప్పితే మడతల బోర్డు, కార్డులు, చెక్క బొమ్మలు, ఒక పుస్తకమంత రూల్సు ఉంటాయి. ఆలోచించాలి, బేరమాడాలి, ఎదుటివాడి ఎత్తు కనిపెట్టాలి. అలాంటివి మా ఇంటి పక్కగది బీరువాలో డెబ్బై ఒకటి ఉన్నాయి. ఏ ఆట రూల్సయినా నేను చదువుతాను, నేను చెబుతాను, తగువొస్తే నేనే తీరుస్తాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, నా దగ్గర వినేవాళ్ళకి ఏ లోటూ జరగలేదు.

ఒకరోజు మా ఆవిడ ఆ బీరువా మీద కన్నేసింది.

"ఏవండీ, శనివారం అమ్మ వచ్చేస్తోంది. ఇక మనతోనే ఉంటుంది. ఆ బీరువా ఖాళీ చెయ్యండి, బట్టలు పెట్టుకుంటుంది."

"మరి ఆటలు?"

"తమ్ముడి గోడౌన్లో పడేయండి."

మా బావమరిది లిఫ్ట్ మెకానిక్కు. వాడి గోడౌన్లో ఇనప తాళ్ళు, గ్రీజు డబ్బాలు, కారే పైకప్పు తప్ప ఇంకేం లేవు. అక్కడ అట్టపెట్టె పెడితే వారంలో ఉబ్బి చస్తుంది. వాదిద్దామంటే మా ఆవిడ మందుల షాపులో ఫార్మసిస్టు. ఏ పెట్టె చేతికిచ్చినా తిరగేసి అడుగున ఏముందో చదవందే కింద పెట్టదు. బిస్కెట్ ప్యాకెట్టుకి కూడా ఆ పరీక్ష తప్పదు. అలాంటి మనిషితో వాదించి గెలిచినవాడు నాకు తెలిసి ఎవడూ లేడు.

నిజం చెప్పాలంటే నా బాధ పెట్టెల గురించి కాదు. షాపులో రోజంతా జనం నా ముందు కూర్చుంటారు, కానీ చూసేది అద్దంలో తమ ముఖాలు. ఆదివారం మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర మాత్రం మా ఆవిడా, బావమరిదీ నా ముఖం చూస్తారు, నేనేం ఎత్తు వేస్తానా అని. పెట్టెలు గోడౌనుకి పోతే బల్లా పోతుంది, ఆదివారమూ పోతుంది. ఆ మాట తలుచుకుంటేనే దిగులేసింది.

"పందెం," అన్నాను. "ఆదివారం మీ అమ్మ చేత ఒక ఆట ఆడిస్తాను. అయ్యాక ఆవిడ తనంతట తానే 'ఇంకోసారి' అంటే బీరువా నాది. అనకపోతే సోమవారం నేనే మోసుకెళ్తాను."

మా ఆవిడ పకపకా నవ్వింది. "మా అమ్మా? పని లేనివాళ్ళే ఆడతారని చిన్నప్పుడు మా తొక్కుడుబిళ్ళ కూడా దాచేసేది. సరే, మీ ఇష్టం."

అత్తయ్యగారు పరీక్షల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ప్రశ్నపత్రాలు సరిచూడటం, కవర్లకి సీలు వేయించడం, కాపీ కొట్టేవాళ్ళని చెవులు పట్టుకుని లేపడం ఆవిడ ఉద్యోగం. శనివారం సాయంత్రం దిగగానే మా గోడ గడియారం రెండు నిమిషాలు వెనకుందని చెప్పి, కుర్చీ ఎక్కి తనే సరిచేశారు. ఆ ముఖాన్ని నేను రాత్రి భోజనమంతా పరిశీలించి, చివరికి 'గొర్రెల సంత' ఖాయం చేశాను. తేలిక, అందం, పైగా నేను ఆరేళ్ళుగా ఓడిపోని ఆట. అల్లుడి ప్రతాపం కూడా తెలుస్తుంది కదా.

ఆట ఇంతే. ప్రతివారికీ ఒక దొడ్డి ఉంటుంది. సంతలో గొర్రెల్ని కొని, మేపి, చివరికి ఎక్కువ గొర్రెలున్నవాళ్ళు గెలుస్తారు. తెల్లటి చెక్క గొర్రెలు నలభై. వాటితోపాటు బూడిదరంగు కుక్కలు ఆరు. కుక్క ఉన్న దొడ్డిలోంచి గొర్రెని ఎవరూ ఎత్తుకుపోలేరు. నా రహస్యం అదే. మొదటి రౌండులోనే నాలుగు కుక్కల్ని నా దొడ్డిలో కట్టేసుకుంటాను. విజేతకిచ్చే స్టీలు గ్లాసు మీద 'సంత వీరుడు' అని కాగితం అంటించి టీవీ పక్కన పెట్టాను. ఆరేళ్ళలో అది టీవీ పక్కనుంచి కదల్లేదు.

"మళ్ళీ కుక్కలాటేనా బావా?" అన్నాడు బావమరిది చిప్స్ ప్యాకెట్టు చింపుతూ. "దీన్లో ఎక్కడో ఏదో తేడా ఉంది. అన్ని కుక్కలు ఒక్కడికే ఎందుకుంటాయి?"

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికి ఎవడో. ముందు చేతులు తుడుచుకో, కార్డులకి నూనె అంటుతుంది."

గొంతు సవరించుకుని రూల్సు మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు కాకముందే అత్తయ్యగారు చెయ్యెత్తారు.

"అల్లుడుగారూ, పుస్తకం ఏదీ?"

"అక్కర్లేదండీ, నాకు నోటికొచ్చు."

"నోటికొచ్చినవాళ్ళే ఎక్కువ తప్పులు రాస్తారు. ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. ఆవిడ చదవలేదు. ముందు పేజీలు లెక్కపెట్టారు. హాల్లో ప్రశ్నపత్రం చేతికి రాగానే పేజీలు సరిచూసుకోమని లక్షల మందికి చెప్పిన మనిషి. ఒకసారి లెక్కపెట్టి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టారు.

"పదకొండు తర్వాత పద్నాలుగు ఉందే?"

"అచ్చుతప్పండీ. కంపెనీవాళ్ళ నిర్లక్ష్యం."

ఆవిడ ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. "అచ్చుతప్పు కాదు. రెండు కాగితాలు అతుక్కున్నాయి. దీని మీద తియ్యటిదేదో పడింది."

అందరం బావమరిది వైపు చూశాం. వాడు చిప్స్ నమలడం ఆపాడు. ఆరేళ్ళ క్రితం, మొదటి ఆటనాడు, వీడే కూల్‌డ్రింకు ఒలకబోశాడు. తుడిచి ఆరబెట్టింది నేనే. రెండు పేజీలు మింగేసిందని అప్పుడు తోచలేదు.

"అమ్మాయ్, కెటిల్ పెట్టు," అన్నారు అత్తయ్యగారు.

ఆవిరి మీద ఆ కాగితాల్ని అటూ ఇటూ తిప్పుతూ, గోటితో మూల నుంచి మెల్లగా విడదీస్తుంటే నాకు నోరు తెరుచుకుపోయింది. "ఇంత బాగా ఎలా వచ్చండీ మీకు?"

"కవర్లు ఎవరూ విప్పకుండా ముప్పై ఏళ్ళు కాపలా కాశాను. ఎలా విప్పుతారో తెలియకుండా కాపలా ఎలా కాస్తాం?"

కాగితాలు విడిపోయాయి. ఆవిడ పన్నెండో పేజీని పరీక్ష హాల్లో సూచనలు చదివినట్టు గట్టిగా, నిదానంగా చదివారు.

"బూడిదరంగు బొమ్మలు ఆరు. ఇవి తోడేళ్ళు. ప్రతి రౌండులో ఎక్కువ గొర్రెలున్న దొడ్డిలోకి ఒక తోడేలు వస్తుంది. తోడేలున్న దొడ్డిలో రౌండుకి రెండేసి గొర్రెలు పోతాయి. దాన్ని తరమాలంటే తన వంతు వదులుకుని, పక్కవారి దొడ్డిలోకి తోలాలి."

నేను ఒక బూడిదరంగు బొమ్మని చేతిలోకి తీసుకున్నాను.

"కుక్కలనే ఎందుకు అనుకోకూడదండీ?" అన్నాను. పుస్తకంలో వాటి సంగతి దొరక్క ఆ కాపలా రూలు నేనే కల్పించుకున్నాను మరి. మేకపోతు గాంభీర్యం అంటే ఏమిటో ఆ క్షణంలో నన్ను చూస్తే తెలిసేది. "ఆ చెవులు చూడండి. ఎంత విశ్వాసంగా ఉన్నాయో."

అత్తయ్యగారు ఒక బొమ్మని కళ్ళజోడు దగ్గర పెట్టుకున్నారు. "ఈ అద్దాలు మీరే ఇచ్చారు. బాగానే కనబడుతోంది. పళ్ళు కూడా చెక్కారు."

"అంటే," బావమరిది లేచి నిలబడ్డాడు, "ఆరేళ్ళుగా బావ నాలుగు తోడేళ్ళని దొడ్లో కట్టేసుకుని మనకి నీతులు చెప్పాడా? నేను గెలవాల్సిందా ఇన్నాళ్ళూ?"

"కూర్చోరా," అన్నారు అత్తయ్యగారు. "పేపరు పాడుచేసినవాడివి నువ్వు. నీకూ మార్కులు లేవు." తర్వాత నావైపు తిరిగి, "అల్లుడుగారూ, ఆరేళ్ళ ఫలితాలూ రద్దు," అని స్టీలు గ్లాసు మీది కాగితం పీకేసి, అందులో నీళ్ళు పోసుకుని తాగేశారు.

ఆట మళ్ళీ మొదటినుంచి మొదలైంది, ఈసారి పన్నెండు, పదమూడు పేజీలు కూడా కలిపి. నేను తెలివైనవాణ్ణే, ఒప్పుకుంటాను, కానీ చెయ్యి మాట వినదు. బూడిదరంగు కనబడగానే ఆరేళ్ళ అలవాటు కొద్దీ సంబరం పుట్టేది. పైగా సంతలో ఎగబడి గొర్రెల్ని కొన్నాను, ఎక్కువ గొర్రెలున్నచోటికే తోడేలు వస్తుందని మరిచిపోయి. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఇక్కడ కాపరి తోడేలుని నమ్మాడు, అంతే తేడా. నాలుగో రౌండు అయ్యేసరికి నా దొడ్డిలో మూడు తోడేళ్ళు, ఒక గొర్రె మిగిలాయి. ఆ గొర్రె కూడా నావైపు అదోలా చూస్తున్నట్టు అనిపించింది.

బావమరిది గెలిచాడు. లిఫ్టులో మనిషి ఇరుక్కున్నాడన్నా ఫోనెత్తనివాడు, తనే నలుగురికి ఫోన్లు చేసి మరీ చెప్పాడు.

అత్తయ్యగారు మాత్రం 'ఇంకోసారి' అనలేదు. బొమ్మల్ని రంగువారీగా సర్ది, లేచి పక్కగదిలోకి వెళ్ళారు. బీరువా తలుపు చప్పుడైంది. మా ఆవిడ నావైపు జాలిగా చూసింది. బట్టలకి చోటు చూసుకుంటున్నారనుకున్నాను. కిరీటం పోయింది, ఆదివారమూ పోయింది. బల్ల మీద ఖాళీ బోర్డు చూస్తుంటే నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నలభై రెండేళ్ళవాడినని కూడా లేకుండా.

కాసేపటికి ఆవిడ చేతిలో ఎర్రపెన్నుతో గుమ్మంలో నిలబడ్డారు.

"ఈ మిగతా డెబ్బై పెట్టెల రూల్సు కూడా మీరే చెప్పారా?"

"అవునండీ."

"ఎవరైనా సరిచూశారా?"

"లేదండీ."

"అమ్మాయ్, ఈ బీరువాని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. వారానికి ఒక పెట్టె విప్పి, పుస్తకం ముందు పెట్టుకుని ఆడి చూడాలి. ఏడాది పైన పట్టేట్టుంది."

"మరి నీ బట్టలు?"

"బట్టల్లో తప్పులేముంటాయే? సూట్‌కేసులో ఉంటాయి."

నేను ఎగిరి గంతేయబోయాను గానీ మా ఆవిడ వేలు చూపించింది. "ఆగండి. అమ్మ 'ఇంకోసారి' అనలేదు. ఇది ఆట కాదు, తనిఖీ."

పందెం సంగతి తెలియని అత్తయ్యగారు అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ముందు ఈ గొర్రెలది ఇంకోసారి పరవండి. రెండో రౌండులో ఆ తోడేల్ని వీడి దొడ్లోకి తోలి ఉంటే, వీడెలా గెలిచేవాడో చూస్తాను."

అలా నా బీరువా నాకు దక్కింది. ఆవిడ ఆ పూట మూడుసార్లు ఆడారు, మూడోసారి కొడుకుని ఒక్క గొర్రె కూడా లేకుండా చేసి లేచారు. ఆ ముఖంలో వెలుగు చూశాక నా ఓటమి సగం మరిచిపోయాను.

మిగతా సగం మరవనివ్వలేదు. ఈ ఆట ఎవరెవరికి సిఫారసు చేశానో జాబితా రాయమన్నారు. ముప్పై ఎనిమిది మంది తేలారు. అందరికీ కుక్కల రూలు నేనే స్వయంగా నేర్పాను. "తప్పు ప్రశ్న పంపితే సవరణ కూడా పంపాలి," అన్నారు. అలా నేను ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "నమస్కారమండీ, కళ్ళజోళ్ళ షాపు నుంచి. అవి కుక్కలు కావండీ," అని చెప్పుకొచ్చాను. కొందరు తప్పు నంబరనుకుని పెట్టేశారు.

ఫోన్లన్నీ అయ్యాక పెట్టె మూసి బీరువాలో పెడుతుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది.

"ఏమిటి నవ్వు?"

"దాన్ని ఒకసారి తిరగేయండి."

తిరగేశాను. పెట్టె అడుగున, చిన్న అక్షరాల్లో, ముద్రించే ఉంది: గొర్రెలు నలభై, తోడేళ్ళు ఆరు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"కొన్న రోజు నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చాను. మీరు అప్పటికే గ్లాసుకి కాగితం అంటిస్తున్నారు. ఆ ముఖం చూసి ఊరుకున్నా."

"ఆరేళ్ళు ఊరికే ఓడిపోయావా నువ్వు?"

"ఆదివారాలే కదండీ," అంది నా చేతిలోంచి పెట్టె తీసుకుని సర్దుతూ. "మిగతా ఆరు రోజులూ నేనే గెలుస్తున్నాగా."