బుధవారం గాజులు

ఆదోని బజారులో దారి తప్పడమనేది సరస్వతీబాయికి ఈ నలభై ఆరేళ్ళ కాపురంలో ఎప్పుడూ లేదు. ఆ సోమవారం మధ్యాహ్నం మాత్రం ఆమె కావాలనే చుట్టుదారులు పట్టింది. పక్కన వియ్యాలవారి మనిషి నడుస్తోంది. ముందెక్కడో గాజుల వీధి ఉంది. ఆ మనిషి ఆ వీధిలో అడుగు పెట్టకుండా ఇల్లు చేరాలి. అంతకుమించి ఆమె ఆ పూట దేవుణ్ణి కోరింది ఏమీ లేదు.

గురువారం మనవరాలు కృతి పెళ్ళి. పెళ్ళికొడుకు అనిరుద్ధకు మేనత్త అయిన వనమాలాబాయి మూడు రోజులు ముందుగానే బళ్ళారి బస్సు దిగింది. పనుల్లో సాయం చేస్తానని వచ్చిన మనిషి, కాఫీ తాగిన గంటకల్లా రవికె బిగుతైపోయిందనీ, దర్జీ ఎక్కడున్నాడనీ, పనిలో పనిగా ఊరు కూడా చూపించమనీ పట్టుబట్టింది. మగపెళ్ళివారి ఆడపడుచు అడిగితే కాదనే ధైర్యం ఏ ఇంట్లో ఉంది? సరస్వతీబాయి చెప్పులు వేసుకుంది.

గాజుల వీధంటే అంత భయం ఎందుకంటే, అక్కడ గాజులమ్మే మహమూదా బీ ఉంది. సరస్వతీబాయి పెళ్ళికూతురైనప్పుడు ఇంటికొచ్చి పచ్చగాజులు తొడిగింది మహమూదా వాళ్ళత్త. కొత్తకోడలు మహమూదా పక్కన కూర్చుని ఒక్కొక్క గాజే అందించింది. ఆ తర్వాత సరస్వతీబాయి సీమంతానికీ, కోడలి పెళ్ళికీ, కోడలి సీమంతానికీ గాజులు తొడిగింది మహమూదా చేతులే. పెళ్ళికి ముందురోజు ఇంటికి పిలవడం, చాప వేసి కూర్చోబెట్టడం, గాజులు తొడిగాక చేటలో బియ్యం, తాంబూలం, రవికెగుడ్డ పెట్టి పంపడం ఆ ఇంటి ఆనవాయితీ. కృతి పుట్టిన పదకొండో నాడు దాని చేతికి నల్లగాజు వేసింది కూడా ఆమే.

రెండు నెలల కిందట, నిశ్చితార్థమైన వారానికి, వనమాలాబాయి ఫోన్ చేసి మాటల మధ్యలో అడిగింది, "వదినా, మీ ఇంట్లో గాజులు తొడిగేది ఎవరు?" అని. అడిగింది అంతే. సరస్వతీబాయి మాత్రం ఆ అడగడం వెనక ఇంకేదో ఉందనుకుంది. వాళ్ళు మఠానికి దగ్గరివాళ్ళు, ఆచారం గట్టిగా పాటించేవాళ్ళు అని విన్నది. పైగా భజన మండలి గ్రూపులో, ఎవరి దగ్గర ఏం కొనాలో ఏం కొనకూడదో చెప్పే మెసేజీలు ఆ నెలంతా తెగ తిరిగాయి. ఆమె వాటికి ఔననలేదు, కాదనలేదు, చదివి ఊరుకుంది. ఊరుకున్నవి ఎక్కడికీ పోవు, లోపలే ఉంటాయి. "మన వాళ్ళేలే వదినా, వేరేవాళ్ళు కాదు" అనేసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని ప్రశ్నకు ఆమె జవాబు చెప్పింది. అవతలి మనిషి "ఔనా, సరే" అని ఇంకో మాటలోకి పోయింది.

ఒక అబద్ధం ఆడినవాళ్ళు రెండోది ఆడక తప్పదు. కూరగాయల మార్కెట్లో మహమూదా ఎదురై, "పిల్ల పెళ్ళి కుదిరిందంట, ఎప్పుడు బాయమ్మా?" అని మొహం వెలిగిపోతూ అడిగితే, "బెంగళూరులో చేస్తారంట మహమూదా, వాళ్ళిష్టం. గాజులూ అక్కడేనంట" అని చెప్పి, వంకాయలు ఏరుకుంటూ తల వంచుకుంది. మహమూదా, "యాడైతేనేమి, పిల్ల సల్లగుంటే సాలు" అని వెళ్ళిపోయింది. ఆ వంకాయలు ఇంటికి తెచ్చి కోస్తే సగం పుచ్చులు.

పాత బస్టాండు దగ్గర ఆటోల మధ్య నుంచి దారి చేసుకుంటూ వనమాలాబాయిని అవతలి వైపు తీసుకెళ్ళింది. పత్తి రోజులు. మార్కెట్ యార్డుకు పోయే బళ్ళ నుంచి రాలిన దూది రోడ్డు వారనా, కరెంటు తీగల మీదా పట్టుకుని ఉంది. కోసిగి వైపు బస్సులో పనులకు పోయే కుటుంబాలు మూటలతో, పిల్లలతో నీడ చూసుకుని కూర్చున్నాయి. ఒక అంగడి బోర్డు తెలుగులో, పక్కది కన్నడంలో, దాని పక్కది ఉర్దూలో. వనమాలాబాయి మూడూ కూడబలుక్కుని చదివి, చిన్నపిల్లలాగా సంతోషపడింది.

"మా బళ్ళారి లాగే ఉంది కదా వదినా!"

"అదేముందిలే, ఎండగా ఉంది, తొందరగా పోదాం," అంది సరస్వతీబాయి.

తొందరగా పోవడం ఎలా కుదురుతుంది? బట్టలంగడి మార్వాడీ సేటు గల్లాపెట్టె వదిలి గుమ్మంలోకి వచ్చి దండం పెట్టాడు. "గురువారం ఫ్యామిలీతో వస్తాన్ బాయమ్మా," అన్నాడు. పూలంగడి గిడ్డయ్య, "బుధవారం సాయంత్రానికే మల్లెలు పంపిస్తాలే తల్లీ, నువ్వేం పరేషాన్ కాబాకు," అని కేకేశాడు. చర్చి వైపు నుంచి వస్తున్న నర్సు మేరి స్కూటీ ఆపి, "కృతికి జొరాలొస్తే సూదులు పొడిచింది నేను, నాకు ముందు వరసలో కుర్చీ ఎయ్యాల," అని నవ్వింది. అందరికీ నవ్వుతూ తలాడిస్తుంటే సరస్వతీబాయికి లోపల ఏదో గీసుకుపోతోంది. సేటును పిలిచింది, గిడ్డయ్యను పిలిచింది, మేరిని పిలిచింది. ఊరంతా పిలిచి ఒక్క గడప దాటేసింది. అది కూడా ఎవరో దాటమంటే కాదు.

మసీదు దగ్గర సాయంత్రపు అసర్ నమాజు ముగిసే వేళైంది. గేటు పక్కన నలుగురైదుగురు ఆడవాళ్ళు పసిపిల్లలను ఎత్తుకుని నిలబడ్డారు. నొసట కుంకుమలు ఉన్నవాళ్ళే ఎక్కువ. లోపలి నుంచి వచ్చే పెద్దవాళ్ళు ఒక్కొక్క బిడ్డ ముఖం మీదా మెల్లగా ఊది, తల నిమిరి పోతున్నారు. వనమాలాబాయి ఆగి చూసింది.

"మా అనిరుద్ధను కూడా ఇట్లాగే ఊదించేవాళ్ళం వదినా. రాత్రిపూట ఒకటే ఏడుపు వాడు. ఊదిస్తే నిద్రపోయేవాడు."

సరస్వతీబాయి వెనక్కి తిరిగి ఆమె ముఖం వంక చూసింది. మఠానికి దగ్గరివాళ్ళు, ఆచారవంతులు, మసీదు ముందర నిలబడి బిడ్డకు ఊదించుకున్నారు. మరి తను ఎవరికి భయపడినట్టు? ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి ఆమె అడుగు వేగం పెంచింది. జవాబు తెలియక కాదు, తెలిసే.

దర్జీ చోటే సాబ్ అంగడి గాజుల వీధి మొదట్లోనే ఉంది. వేరే దర్జీ దగ్గరికి పోదామంటే, తన భర్త నరహరికి చోటే సాబ్ బడిలో పాత శిష్యుడు, ఇంట్లో రవికెలన్నీ అతనివే. ఆ మాట వనమాలాబాయికి నరహరే ఇంట్లో చెప్పి పంపాడు. కుట్టు విప్పించుకుని వెంటనే వెనక్కి తిరిగితే సరి అనుకుని సరస్వతీబాయి మెట్లెక్కింది. ఎక్కగానే, అద్దం అంచుకు గుచ్చి ఉన్న పెళ్ళిపత్రిక కనబడింది. పసుపు బొట్లు పెట్టిన, వాళ్ళింటి పత్రికే.

"సారు వచ్చి ఇచ్చిపోయినారమ్మా, పది దినాలాయ," అన్నాడు చోటే సాబ్ రవికె తిరగేస్తూ. "పెళ్ళి ఊర్లోనే పెట్టుకున్నారు, మంచి పని చేసినారు. అర్ధగంటలో ఇస్తా, కూసోండి."

అక్కడికి నాలుగో అంగడి మహమూదాది. మహమూదాకు తెలుగు చదవడం రాదు కదా అని సరస్వతీబాయి మనసును సముదాయించుకుంది. ఆ సముదాయింపుకు ఆమెకే సిగ్గేసింది. తిరిగి చూసేసరికి కుర్చీలో వనమాలాబాయి లేదు. గాజుల తళుకు కంటబడిన ఆడమనిషి అర్ధగంట దర్జీ అంగట్లో కూర్చుంటుందా? నాలుగో అంగడి పీట మీద కూర్చుని, కుడిచెయ్యి చాపి ఉంది.

"రా బాయమ్మా, రా," అంది మహమూదా బీ. జుట్టు పూర్తిగా నెరిసింది, చేతులు మాత్రం పాతవే. వనమాలాబాయి వేళ్ళ గణుపులు ఒత్తి, అరచెయ్యి మడిచి, ఒక గాజు నొప్పి తెలియకుండా దాటించేసింది.

"ఎంత మెత్తని చెయ్యమ్మా నీది! నేను పెళ్ళికొడుకు మేనత్తను. గురువారం ఈ ఊళ్ళోనే మా వాడి పెళ్ళి, ఈ వదినా వాళ్ళ మనవరాలితోనే," అంది వనమాలాబాయి.

సరస్వతీబాయి దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది. మహమూదా తలెత్తలేదు. రెండో గాజు తీసుకుంది.

"సంతోషమమ్మా," అంది.

"ఇంత బాగా తొడిగే మనిషి ఊళ్ళో ఉండగా వేరే ఎవరినో మాట్లాడారేం వదినా?" అని వనమాలాబాయి ఇటు తిరిగింది. "మాకు బళ్ళారిలో సయీదమ్మ. ఆమె రానిదే మా ఇంట్లో శుభకార్యం లేదు. పెళ్ళికూతురికి గాజులు తొడిగిన ఆమెకు మగపెళ్ళివాళ్ళు చీర పెట్టాలి, అది మా పద్ధతి. అందుకే కదా ఆ రోజు ఫోన్లో అడిగింది, ఎవరు తొడుగుతారు, ఎట్లాంటి చీర తేవాలి అని! మన వాళ్ళేనన్నారని పట్టుచీర తెచ్చాను."

వీధిలో ఎవరో సైకిల్ గంట కొడుతున్నారు. ఫోనులో అడిగింది చీర కోసం. ఒక్క చీర కోసం. ఎవరూ కాదనలేదు, ఎవరూ వద్దనలేదు. నలభై ఆరేళ్ళుగా ఇంటికొస్తున్న మనిషిని వాకిటి బయటికి నెట్టింది తన నోరే.

ఆమె ఏమీ అనకముందే మహమూదా అందుకుంది. "బాయమ్మ తప్పేం లేదమ్మా. ఆమె ముందే పిలిచింది. నాకే కుదరలా. బుధవారం ఎమ్మిగనూరులో మగ్గాలోళ్ళింట్లో గాజులకు మాటిచ్చినా. నేను రాలేనంటేనే ఇంకొకరిని సూసుకునింది."

ఆ మాటలు అంత నిమ్మళంగా, అంత నిజంలా చెప్పింది. వనమాలాబాయి "అయ్యో, అట్లాగా" అని నమ్మేసింది. ఇక సరస్వతీబాయి తల ఊపితే చాలు. పరువు నిలబడుతుంది, పెళ్ళి జరుగుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. తల ఊపడానికి మెడ వంచింది కూడా. వంచిన తల పైకి లేవలేదు.

"పిలవలేదు," అంది.

"ఏంటి వదినా?"

"ఆమెను నేను పిలవలేదు వనమాలా. బెంగళూరులో పెళ్ళని అబద్ధం చెప్పినాను. మీరేమనుకుంటారో అని. మీరు ఒక్క మాట కూడా అనకుండానే నేనే అనుకున్నాను. తురకల చెయ్యి అంటారేమో అనుకున్నాను." ఆ మాట నోట్లోంచి వస్తుంటే ఆమెకే రోత పుట్టింది. "మహమూదా, తప్పు చేసినాను."

వనమాలాబాయి చేతికున్న రెండు గాజులనూ చూసుకుంటూ కూర్చుంది. చేతికున్న రెండు గాజులనూ చూసుకుంటూ కూర్చుంది.

"ఎందుకు బాయమ్మా వియ్యాలవారి ముందర ఇవన్నీ?" అంది మహమూదా. కోపం లేదు, విసుగుంది. "నేను సర్దినా కదా."

"బుధవారం నువ్వే రావాల. నువ్వు తొడగకుంటే మా కృతికి గాజులే వద్దు."

"ఎట్లొస్తా? ఎమ్మిగనూరుకు మాటిచ్చింది అబద్ధం కాదు."

"నేను బెంగళూరన్నానని వాళ్ళకు ఒప్పుకున్నావా?"

"కాదులే." మహమూదా గాజుల దండ విప్పసాగింది. "పత్రిక వచ్చిన దినమే చోటే సాబ్ సదివి సెప్పినాడు. ఓహో, పెళ్ళి ఈడికే మారిందే అనుకుంటి. నీ పిల్ల చేతి సైజు నాకు తెల్సు కదా, పచ్చగాజులు తీసి పక్కన పెట్టినా. ఎమ్మిగనూరోళ్ళు మూడుసార్లు వచ్చి అడిగిరి. బుధవారం కుదరదు, మా బాయమ్మింట్లో పెళ్ళుంది అంటి. పనుల్లో మర్సిపోయింటుంది, రేపు పిలుస్తుందిలే, ఎల్లుండి పిలుస్తుందిలే అని సూస్తా ఉంటి. నిన్న పొద్దుగుంకేదాకా సూసినా. వాళ్ళదీ ఆడపిల్ల పెళ్ళే కదా, ఇంకెంతసేపు నిలబెడతా? సరే అంటి."

నిన్న పొద్దుగూకే వేళకు సరస్వతీబాయి ఇంట్లో కూర్చుని, ఇంకా ఎవరిని పిలవలేదో చూసుకుందామని పత్రికల జాబితా తీసింది. చివరిదాకా చదివి, అందరూ అయిపోయారని దాన్ని మడిచి పెట్టేసింది.

మహమూదా పీట ముందుకు జరుపుకుని, వనమాలాబాయి వైపు తిరిగింది.

"ఆ రెండో చెయ్యి కూడా ఇయ్యమ్మా," అంది.