సన్న వేళ్ళ ఊపిరి

ఆ పరిశోధనాలయంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ‘మొండి’ అంటే చాలు, గేటు కాపలాదారు దగ్గర్నుంచి క్యాంటీన్ వంటాయన దాకా ఎవరి గురించి అడుగుతున్నారో తెలిసిపోయేది. ఆ పేరు పెట్టింది ఆమెకు పరిశోధన నేర్పే పెద్దాయన, మాస్టారే. ఆమె చేరిన కొత్తలో ఒకనాడు వాన దంచికొడుతుంటే అందరూ వరండాలోకి పరుగెత్తారు. ఈమె మాత్రం సగం తవ్విన వేరును వదల్లేక గుంటలోనే కూర్చుంది. వేరు తెగకుండా బయటికొచ్చింది గానీ మనిషి జ్వరంతో మంచం పట్టింది. “ఇదొక మొండిఘటం. నా దగ్గరే ఉండాలి” అని మురిసిపోయారాయన.

ఆ మురిపెం కాస్తా ఈ వేసవిలో ఆవిరైపోయింది.

వేళ్ళు కూడా మనలాగే ఊపిరి తీసుకుంటాయి. నేల సందుల్లోని గాలి పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. నేల వేడెక్కినకొద్దీ ఆ ఊపిరి జోరందుకుంటుంది. ఎంత వేడికి ఎంత జోరో చెప్పే సూత్రం ఒకటి మాస్టారు జీవితమంతా ధారపోసి తయారుచేశారు. దాన్ని నమ్ముకుని ఎక్కడెక్కడివాళ్ళో, రాబోయే రోజుల్లో నేల ఎంత వాయువు వదులుతుందో లెక్కలు కడుతున్నారు. ఆ సూత్రానికి లావు వేరైనా సన్న వేరైనా ఒకటే. నిన్న వేడెక్కిన నేలైనా, ఏళ్ళుగా వేడిగా ఉన్న నేలైనా ఒకటే.

ఈమె, పరిశోధనాలయం తోట వెనక కొన్ని మళ్ళలో మట్టి కింద కరెంటు తీగలు పరిచి, ఏడాది పొడవునా వెచ్చగా ఉంచింది. పక్కనే కొన్నిటిని మామూలుగా వదిలేసింది. రెండు చోట్ల వేళ్ళనూ తీసి గాజు గొట్టంలో పెట్టి, ఒకే వేడిలో ఊపిరి కొలిచింది. లావు వేళ్ళు బుద్ధిగా మాస్టారి సూత్రం ప్రకారమే నడిచాయి. వెంట్రుకంత సన్నవి మాత్రం మాట వినలేదు. మామూలు మడిలోవి వేడి తగలగానే రొప్పాయి. ఏడాదిగా వేడికి అలవాటుపడ్డవి తమాయించుకుని, తక్కువ ఊపిరితో సరిపెట్టుకున్నాయి.

“ఆ సన్న వేళ్ళ అంకెలు తీసెయ్” అన్నారు మాస్టారు తన గదిలో, కళ్ళజోడు కూడా ఎత్తకుండా.

“ఎందుకండీ?”

“కోసేటప్పుడే సగం చచ్చుంటాయి. చచ్చేవాటికి ఊపిరి తగ్గక పెరుగుతుందా?”

“అలాగైతే మామూలు మడిలోవి కూడా చావాలి కదండీ. రెంటినీ ఒకేలా కోశాను.”

“నాకే పాఠం చెప్తున్నావా?”

“లేదండీ. మీరు నేర్పిందే అప్పజెప్తున్నాను.”

ఆయన మొహం కందగడ్డలా అయింది. “ఆ అంకెలుంటే నువ్వు రాస్తున్న వ్యాసం మీద నా పేరుండదు. రేపట్నుంచి ఆ మళ్ళకి కరెంటూ ఉండదు” అన్నారు.

ఇంటికెళ్ళేసరికి పిన్ని కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. తల్లి పోయాక పెంచి పెద్దచేసింది ఆవిడే. సంగతంతా విని, నోట్లో ఉన్న దారపు ముక్క ఊసేసింది. “పోనీ ఓసారి ఆయన కాళ్ళు పట్టుకోవే, పనైపోతుంది.”

“కాళ్ళకి దండం రోజూ పెడతాను పిన్నీ. కళ్ళారా చూసింది చూడలేదని మాత్రం అనను.”

“అనవుగా? మరి ఏడుపెందుకు? ఎదురుతిరిగేదానివి కాస్త తిని తిరుగు. నీరసంగా ఉంటే గొంతు కూడా లేవదు.”

ఆమె ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే కడుపునిండా తిన్నది.

మర్నాడు పొద్దున్నే కరెంటు మేస్త్రి సంచీతో వచ్చేసరికి, మళ్ళ పక్కనున్న స్విచ్చుల పెట్టె మీద ఆమె బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“లేవండి మేడమ్, తీగలు పీకేయమన్నారు.”

“పీకమన్నాయన్నే రమ్మను అన్నా.”

“మధ్యలో నా ఉద్యోగానికి ఎసరు పెడతారా?”

“నీ తప్పేం లేదు. పిచ్చిది పెట్టె మీదెక్కి కూర్చుందని చెప్పు.”

“అంత చెప్పక్కర్లేదు లెండి. మొండి కూర్చుందంటే చాలు” అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

మాస్టారు విసవిసా వచ్చారు. వెనకే జనం పోగయ్యారు.

“లే.”

“లేవను మాస్టారూ.”

ఆయన ముందు ఆ మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. 

“అంటే నా సూత్రం తప్పంటావా?”

“లావు వేళ్ళకి ఒప్పేనండీ. సన్నవాటికి చాలదంటున్నాను. మీ చేత్తోనే కోసి, మీ చేత్తోనే కొలవండి. నాదే తప్పని తేలితే తీగలు నేనే పీకి అన్న చేతిలో పెడతాను.”

మాస్టారు చుట్టూ చూశారు. తర్వాత చొక్కా చేతులు మడిచి మట్టిలో చతికిలబడ్డారు. ఆ వయసులోనూ ఆ వేళ్ళ మధ్య ఆయన చేతులు ఎంత సుతారంగా కదిలాయో! తీసినవి కడిగి, కోత గాయానికి ఎగసిన ఊపిరి సద్దుమణిగేదాకా నీళ్ళలో ఉంచారు. అప్పుడు కొలిచారు. మామూలు మడి వేళ్ళకి మీటరు ఎగబాకింది. వెచ్చని మడివాటికి కిందనే ఆగిపోయింది.

“మీటరు పాడైంది” అని తన గదిలోది తెప్పించారు. అదీ అదే మాట చెప్పింది.

“ఒక్క రకం మొక్కతో ఏం తేలుతుంది? మిగతా మళ్ళలోవీ చూడాలి.”

“చూడాలంటే మళ్ళు వెచ్చగా ఉండాలి కదండీ!”

ఎవరూ చెప్పకుండానే మేస్త్రి పటకారు సంచీలో పడేసుకున్నాడు.

వానాకాలమంతా ఆయన కూడా వచ్చి కొలిచారు. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. చాలా రకాల మొక్కల సన్న వేళ్ళు ఆమె చెప్పినట్టే నడిచాయి. ఒక రకం మాత్రం అడ్డం తిరిగింది. దాని అంకెలనూ ఆమె వ్యాసంలో పెట్టింది. అయినా మాస్టారు, “నాకింకా నమ్మకం కుదర్లేదు. నా పేరు వద్దు” అన్నారు. ఆమె బతిమాలలేదు. వ్యాసం ఆమె పేరుతోనే వెళ్ళింది.

ఆ చలికాలం శాస్త్రవేత్తల పెద్ద సభలో ఆమె మాట్లాడడం అయిపోయాక వెనక వరుసలోంచి ఎవరో లేచారు. “మీ మాస్టారే దీన్ని ఒప్పుకోలేదట కదా?”

సభ గుసగుసలాడింది.

“ఒప్పుకోలేదు. ఆయన ముందు వరుసలోనే ఉన్నారు, అడగండి” అందామె.

మాస్టారు మెల్లగా లేచారు. “అంకెల్లో తప్పు లేదు. నా చేత్తో కొలిచాను. వాటి అర్థం దగ్గరే మా ఇద్దరికీ పడదు.”

 ఆమె వేదిక మూలనున్న ఇంకో కుర్చీని బర్రున లాక్కొచ్చి తన పక్కన వేసింది.

“అయితే రండి మాస్టారూ, అందరి ముందే తేల్చుకుందాం” అంది మైకులో.